కుట్టు దుకాణానికి వచ్చే కిరాణా

మార్కెట్ సర్వే ఉద్యోగం అంటే ఏమిటో మా అవ్వకు చివరిదాకా అర్థం కాలేదు. "ఎవలింట్ల ఏ సబ్బుతోని తానం జేస్తే నీకెందుకే?" అని అడిగేది. జీతం ఇస్తారు కదా అనేదాన్ని. అది సగం జవాబే. నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. ఒకరి వంటింటి గూట్లో ఏ డబ్బా ఉంది, దాన్ని ఎవరు కొన్నారు, పక్కింట్లో అదే డబ్బా ఎందుకు లేదు అని ఆలోచిస్తూ నడిస్తే ఎండ కూడా తెలిసేది కాదు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు సబ్బులకూ చాయపత్తికీ వంటనూనెకూ టీవీలకూ ఎన్ని గేట్లు తట్టానో చెప్పలేను. కుక్కలు తరిమిన ఇళ్లున్నాయి, అన్నం తిని పొమ్మన్న ఇళ్లూ ఉన్నాయి.

ఈ మధ్యే రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. వాళ్లలో ఒకరు మొన్న అడిగారు: "ఇప్పుడందరూ ఫోన్లోనే సామాను తెప్పించుకుంటున్నారు కదా మేడం, ఎవరేం కొన్నారో కంప్యూటరే చెబుతుంది. ఇంకా మనం ఇళ్లకు పోయి అడగడం దేనికి?" నా ఉద్యోగపు చివరి రోజుల్లో జరిగిన ఒక సంగతి ఆ అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆమె బస్సు వచ్చింది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

అప్పుడు మా సంస్థకు ఒక పెద్ద పని వచ్చింది. కిరాణా సామాను ఇంటికి చేర్చే ఒక కంపెనీ, చిన్న పట్టణాల్లో జనం యాప్‌లో ఏం కొంటున్నారు, ఏం కొనడం లేదు, ఎందుకు అని తెలుసుకోవాలనుకుంది. హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని లెక్కలు చూసే సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. నాకంటే కొంచెం చిన్నవాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు, కానీ లెక్కల్లో ఏదైనా వింత కనిపిస్తే మాత్రం ఆగలేడు, వెంటనే నాకు ఫోన్ చేస్తాడు. మా స్నేహమంతా ఆ ఫోన్లలోనే పెరిగింది.

ఒకరోజు ఉదయం అట్లాగే చేశాడు.

"మేడం, మీ కరీంనగర్‌లో ఒక విచిత్రమైన కుటుంబం ఉంది."

"ఏం చేసింది?"

"చంటిపిల్లలకు పెట్టే పొడి కొంటారు. పెద్దవాళ్ల డైపర్లు కొంటారు. షుగర్ ఉన్నవాళ్లు తినే బిస్కెట్లు, జుట్టుకు వేసే రంగు, మంచి చాక్లెట్లు, మొహానికి రాసుకునే క్రీములు కొంటారు. ఆర్డర్ లేని రోజు దాదాపు ఉండదు. కానీ ఉప్పు, పప్పు, చింతపండు ఒక్కసారి కూడా కొనలేదు. వాళ్లు వంట చేసుకోరా?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆలోచన పట్టుకుంది. హాస్టల్ అయ్యుంటుందన్నాను. హాస్టల్లో చంటిపిల్లలు ఎందుకుంటారన్నాడు ఆయన. వృద్ధాశ్రమం అన్నాడు. వృద్ధాశ్రమంలో మొహం క్రీములా అన్నాను. కాసేపు అట్లా ఒకరి ఊహను ఒకరం కొట్టేసుకున్నాం. కంపెనీ వాళ్లకు మాత్రం ఊహలతో పనిలేదు. వాళ్ల లెక్కలో అది దొంగ ఖాతా. ఎవరో దుకాణదారు తగ్గింపు ధరకు యాప్‌లో కొని, తన దుకాణంలో అమ్ముకుంటున్నాడని వాళ్ల అనుమానం. అదే నిజమైతే ఖాతా మూసేస్తారు. మూసే ముందు ఒకసారి మనిషిని పంపి చూడాలనుకున్నారు. కంపెనీ నుంచి ఫోన్ చేసి, ఒక మేడం వచ్చి మాట్లాడతారు, మీకు అభ్యంతరమా అని అడిగితే, అవతలి నుంచి ఒకావిడ "నాకేం అభ్యంతరం, రమ్మనుండ్రి" అందట.

నేను వెళ్లాను. పెద్ద ఇల్లేదో ఉంటుందనుకుని ఆ గల్లీలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. చివరికి చిరునామా నన్ను నిలబెట్టింది ఒక లేడీస్ టైలర్ దుకాణం ముందు. ఒకే గది. గోడకు అద్దం, రెండు కుట్టుమిషన్లు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బల్ల. రోడ్డుకు సరిగ్గా ఎదురుగా ఒక కిరాణా దుకాణం.

మిషన్ ముందు నలభై దాటిన ముస్లిం ఆవిడ కూర్చుని ఉంది. మెడలో టేపు, పంటి కింద దారం. నేనెవరో చెప్పగానే బల్ల మీది గుడ్డముక్కలు పక్కకు జరిపింది.

"కూసోండ్రి మేడం. చాయ్ తాగుతరా?"

నా అలవాటు ప్రకారం మొదటి ప్రశ్న అడిగాను. ఇంట్లో ఎంతమంది?

"నేనొక్కదాన్నే. మా ఆయన మస్కట్‌ల డ్రైవరు. బిడ్డ హైదరాబాద్‌ల చదువుతది, సెలవులకు వస్తది."

"మరి ఈ డైపర్లు, చంటిపిల్లల పొడి ఎవరికమ్మా?"

ఆమె దారం తెంపి నావైపు చూసింది. "వాడేటోళ్లకు" అంది.

అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. కోపంగా అనలేదు. చాయ్ ఇచ్చింది, బిస్కెట్ ఇచ్చింది, ఎండల గురించి మాట్లాడింది. నేను సామాను మాట ఎత్తితే చాలు, మిషన్ తొక్కడం మొదలుపెట్టేది. ఆ చప్పుడులో నా ప్రశ్న నాకే వినపడేది కాదు. అద్దం పక్కన ఒక అర. అందులో జాకెట్లు పెట్టే కవర్లు వరసగా ఉన్నాయి. ఒక్కో కవర్‌కు ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టి ఉంది. కొన్ని కవర్లు జాకెట్లకు మించి ఉబ్బి ఉన్నాయి. అమ్మకం చేస్తోందేమో, కంపెనీ అనుమానమే నిజమేమో అనుకుంటూ లేవబోయాను.

అప్పుడే ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో మడత పెట్టిన జాకెట్. బల్ల మీద పెట్టి, నన్ను చూసి కొంచెం తటపటాయించింది.

"దీనికి ఏం కుట్టాలె?" అని అడిగింది టైలరమ్మ.

"ఏమన్న కుట్టు, ఆపా." ఆ గల్లీలో అందరూ ఆమెను అట్లాగే, ఉర్దూలో అక్కా అని పిలుస్తారు.

"అంతా మంచిగనే ఉన్నది గద."

"అయితే ఒక హుక్కు తీసి మళ్ల కుట్టు."

టైలరమ్మ నవ్వు ఆపుకుంటూ అరలోంచి ఆకుపచ్చ పేలిక కట్టిన కవర్ తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి దాన్ని విప్పి చూడలేదు, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. జాకెట్ బల్ల మీదే ఉండిపోయింది.

ఏమీ చిరగని జాకెట్ తెచ్చి ఏమన్నా కుట్టమనడం ఏమిటి? వచ్చి తీసుకున్నది ఏమిటి? ఆ రాత్రి మా సహోద్యోగికి ఫోన్ చేసి, ఇంకొంత సమయం కావాలని చెప్పాను. "ఏమిటి మేడం అది?" అన్నాడు ఆత్రంగా. నాకే తెలియదన్నాను.

మర్నాడు నేనూ ఒక జాకెట్ గుడ్డ పట్టుకుని వెళ్లాను. కొలతలిచ్చాను. తీసుకోవడానికి వెళ్లాను. చంకలో బిగుతుగా ఉందని మళ్లీ వెళ్లాను. నిజంగానే బిగుతుగా ఉంది, ఆ మాటకొస్తే. నేను కంపెనీ ప్రశ్నలు ఆపేశాక ఆమె తానే మాట్లాడడం మొదలుపెట్టింది.

"మేడం, ఫోన్ అందరి దగ్గర ఉన్నది. అందరికి తెప్పిచ్చుకునుడు వస్తది. కని ఇంట్ల ఫోన్‌కు మెసేజ్ వస్తే కొడుకు సదువుతడు. గేటు కాడ బండి ఆగితే ఎదురింటామె సూస్తది. బండాయన గట్టిగ పేరు పెట్టి పిలుస్తడు. అందుకే నా ఫోన్‌ల ఎవలకు కావాల్సింది వాళ్లే పెట్టుకుంటరు, వచ్చిన పొట్లం విప్పకుండనే కవర్ల ఏస్త. నా దుక్నం ముందట బండి ఆగితే దారాలు, లైనింగులు వచ్చినయి అనుకుంటరు. ఆడోళ్లు నా దుక్నంలకు వస్తే ఎందుకు వచ్చిండ్రని ఎవలు అడగరు."

"పేర్లు రాసి పెడతావా కవర్లమీద?"

"పేరు రాస్తే ఇంకేం ఉన్నది? వాళ్ల జాకెట్ గుడ్డ ముక్కనే కడత. ఎవల గుడ్డ వాళ్లు గుర్తువడతరు."

ఆమెకు తెలిసినంతలో కొందరి సంగతి, మనుషులు బయటపడకుండా చెప్పింది. పెళ్లయి ఎక్కువ కాలం కాని ఒకామెకు అప్పుడే జుట్టు నెరిసింది, అత్తగారింట్లో తెలియదు. ఒకామెకు షుగర్ ఉందని తెలిస్తే ప్రతి ఫంక్షన్లో అందరూ ఆమె విస్తరి వైపే చూస్తారు. ఇంకొకామె ఉద్యోగానికి పోతూ బిడ్డకు డబ్బా పొడి పెడుతుంది, ఉగ్గు ఇంట్లోనే నూరాలని అత్త పట్టు. చాక్లెట్లు మాత్రం ఒక ముసలావిడవి. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఒక్కతే కూర్చుని తింటుందట. మనవళ్లకు చెబితే మిగలవని ఆమె భయం.

ఉప్పూ పప్పూ చింతపండూ ఎందుకు లేవో ఇప్పుడు తెలిసింది. అవి ఎదురుగా ఉన్న కిరాణాలో దొరుకుతాయి. వాటిని అందరి ముందూ కొనుక్కోవచ్చు.

నేను ఇన్నాళ్లూ అడిగిన ప్రశ్నల్లో ధర ఉండేది, నాణ్యత ఉండేది, దూరం, సమయం, తగ్గింపు ఉండేవి. కొనేటప్పుడు మిమ్మల్ని ఎవరు చూస్తారు అనే ప్రశ్న ఒక్క సర్వేలోనూ లేదు. అడగాలని నాకూ తోచలేదు.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. కంపెనీ కంప్యూటర్లో ఒక నియమం ఉందట. విచారణలో ఉన్న ఖాతా కొన్నాళ్ల తర్వాత దానంతటదే ఆగిపోతుంది. టైలరమ్మ ఖాతా ఆగిపోయింది. నేను వెళ్లేసరికి ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది.

"మీరు ఆపిచ్చిండ్రా మేడం?"

లేదన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. బల్ల మీద కూర్చున్న ఇంకొకామెను చూపించి, "ఈమెకు చెప్పుండ్రి" అంది.

ఆమెకు ముప్పై అయిదు దాకా ఉంటాయి. కొంగుతో మొహం తుడుచుకుంటోంది. అప్పుడే బస్సు దిగి వచ్చిందట. ఆమె మామగారు బడిపంతులుగా చేసి రిటైరైన పెద్దమనిషి. పక్షవాతం వచ్చి మంచాన ఉన్నాడు. ఇప్పుడు ఆయన లేరు. ఆమె రాయమంటేనే రాస్తున్నాను.

"మా మామకు నోరు మంచిగనే ఉన్నది మేడం, మెదడు మంచిగనే ఉన్నది. కాలు, చెయ్యి పడిపోయినయి అంతే. డైపర్ ఏసుడు షురూ జేసిన దినం రెండు పూటలు అన్నం తినలే. ఎవలకు చెప్పద్దని నా చెయ్యి పట్టుకున్నడు. కరీంనగర్‌ల ఏ మెడికల్ దుక్నంలకు పోయినా మామ సదువు చెప్పినోడే ఉంటడు. సార్ ఎట్లున్నడమ్మా అంటడు. నా చేతిల గా ప్యాకెట్ చూసినంక ఇంక ఏం చెప్తం?"

"మరి ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నావమ్మా?"

"హుస్నాబాద్‌కు పోయిన. అక్కడ నన్నెవలు గుర్తువడతరు? మా చెల్లెలింటికి పోతున్న అని ఇంట్ల చెప్పి పోయిన."

ఆమె సంచిలో పైన ఆకుకూర కట్టలు పెట్టుకుని ఉంది. కింద ఏముందో నేను చూడలేదు.

అక్కడి నుంచే మా సహోద్యోగికి ఫోన్ చేశాను. ఆమె చెప్పిందంతా చెప్పకుండా, చెప్పాల్సినంత చెప్పాను.  "వాళ్లను నేను విచిత్రమైన కుటుంబం అన్నాను కదా మేడం" అన్నాడు. సాయంత్రానికల్లా కంపెనీలో ఎవరితో మాట్లాడాడో ఏమో, ఖాతా మళ్లీ తెరుచుకుంది. నివేదిక వచ్చేదాకా మాత్రమే, ఆ తర్వాత నిర్ణయిస్తాం అన్నారట.

నివేదిక రాయబోయే ముందు ఆదిలాబాద్ వైపు పని మిగిలి ఉంది. జైనూర్ అంగడికి వెళ్లాను. కంపెనీ బండ్లు అక్కడికి ఇంకా పోవు. పోతే కొంటారా అని అడగడం నా పని. అంగడిలో ఉల్లిగడ్డలు ఏరుకుంటున్న ఒక ఆడమనిషిని అడిగాను. చుట్టుపక్కల పల్లె నుంచి వచ్చిన రైతుకూలీ. నేను యాప్ గురించి చెప్పిందంతా శ్రద్ధగా విని, ఉల్లిగడ్డ ఒకటి నొక్కి చూసి పక్కన పడేసింది.

"ఇంటికే అచ్చి ఇచ్చిపోతరా?"

"ఇంటికే వచ్చి ఇస్తారు."

"మరి నేను అంగడికి ఎందుకు అస్త?"

"రావలసిన పనే ఉండదు. సుఖం కదా."

"ఏం సుఖం బాయీ. ఇంట్ల ఉంటే పనే. అంగడికి రాకుంటే మా చెల్లె నాకు యాడ కలుస్తది? ఆమెను ఆ గుట్టవతల ఊరికి ఇచ్చిండ్రు. ఆమె గీ అంగడికే అస్తది." తలెత్తి జనంలోకి చూసింది. "ఇంకా రాలే."

నేను ఆమెతోనే కాసేపు నిలబడ్డాను. చెల్లెలు వచ్చింది. ఇద్దరూ ఒకరి సంచిలో ఒకరు చేతులు పెట్టి ఏం కొన్నావో చూపమని లాక్కుని, నవ్వుకున్నారు. నన్ను పూర్తిగా మరిచిపోయారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఇద్దరి గురించే ఆలోచించాను. ఈమె నలుగురికీ కనపడటానికి సామాను కొంటుంది. కరీంనగర్ గల్లీలో వాళ్లు కనపడకుండా కొనడానికి చిరునామా మార్చుకున్నారు. ధర రెండుచోట్లా చివరి సంగతే.

నివేదికలో అదే రాశాను. ఆ ఖాతా సామాను తిరిగి అమ్మేది కాదని, అది ఆడవాళ్లు ఒకరికొకరు చేసుకున్న ఏర్పాటని రాశాను. ఎవరేం కొన్నారో రాయలేదు. మా సహోద్యోగి తన పట్టికలోంచి ఆ వరసను తీసేసి, అక్కడ ఖాళీ ఉంచి పంపాడు. అంత నీటుగా పనిచేసే మనిషి ఖాళీ వదలడం నేను చూడడం అదే మొదటిసారి.

నివేదిక కంపెనీకి నచ్చుతుందని అనుకోలేదు. నచ్చింది. ఎంతగా నచ్చిందంటే అక్కడి నుంచే అసలు కష్టం మొదలైంది.

కంపెనీ మేనేజరు, ముప్పై దాటని అమ్మాయి, హైదరాబాద్ నుంచి నాకు ఫోన్ చేసింది. చురుకైన మనిషి. నివేదిక పూర్తిగా చదివిందని ఆమె ప్రశ్నల్లోనే తెలిసింది.

"మేడం, ఇట్లాంటి దుకాణాలు ప్రతి ఊళ్లో పెడితే ఎట్లా ఉంటుంది? టైలరింగ్ షాపులు, బ్యూటీ పార్లర్లు. మేమే అధికారికంగా గుర్తింపు ఇస్తాం. మొదట ఈ అక్క దగ్గరే మొదలుపెడదాం."

"అధికారికంగా అంటే?"

"చిన్న బోర్డు. అక్కతో ఒక ఫోటో. అంతే."

వద్దమ్మా, బోర్డు పెట్టిన రోజు ఆ దుకాణానికి ఎవరూ రారు అని చెప్పాను. ఆమె నా మాట కొట్టిపారేయలేదు. "మనం వెళ్లి ఆమెనే అడుగుదాం. ఆమె కాదంటే వద్దు" అంది. అది న్యాయంగానే అనిపించి సరే అన్నాను. వస్తూ వస్తూ బోర్డు కారులో వేసుకొస్తుందని అనుకోలేదు.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం. బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మేనేజరు టైలరమ్మకు మిఠాయి డబ్బా ఇచ్చి, కుశలం అడిగి, కత్తిరించే బల్ల మీద బ్యానర్ విప్పింది. కంపెనీ రంగు ఊరంతటికీ తెలుసు, వాళ్ల బండ్లన్నీ అదే రంగు. మీ సామాను ఇక్కడే తీసుకోండి అని పెద్ద అక్షరాలు.

బల్ల మీది ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె లేచి అరలోంచి తన జాకెట్ తానే తీసుకుంది. "మళ్ల వస్త ఆపా" అంది. రెండో ఆమె ఆ మాట కూడా అనకుండా వెళ్లింది.

మేనేజరు ఇంకా చెబుతూనే ఉంది, ఎంత ఆదాయం వస్తుందో, ఎంత పేరు వస్తుందో. టైలరమ్మ అంతా విన్నది.

"మేడం, ఒకటి అడుగుత. మీ కంప్యూటర్ల మా సామాను అంత కనవడ్తదా?"

"కనపడుతుంది అక్కా."

"ఎవలెవల సామానో తెల్వదు కని ఏం సామానో తెలుస్తది."

"అవును."

"మా గల్లీకి తెల్వద్దని మీకు చెప్పుకుంటున్నం. మీకు తెలిస్తే మాకు ఫికర్ లే. ఎందుకంటే మీరు మా గల్లీల ఉండరు." బ్యానర్ అంచు మీద వేలు పెట్టింది. "ఇది కడితే మీరు గూడ మా గల్లీలకు వచ్చినట్టే."

 మేనేజరు అప్పుడు గమనించింది, బల్ల ఖాళీగా ఉందని.

సరిగ్గా అప్పుడే ఎదురు కిరాణా ఆయన రోడ్డు దాటి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చొక్కా జేబులో పెన్ను, చేతికి అంటిన పసుపు. కారు ఆగడం చూసి వచ్చినట్టున్నాడు.

"ఏం బోర్డు ఆపా? దుక్నం మారుస్తున్నవా?"

 ఆయన భార్య కూడా ఈ దుకాణంలోంచి తెప్పించుకునేవాళ్లలో ఒకరు. సొంత ఇంట్లో కిరాణా కొట్టు పెట్టుకుని, ఎదురు దుకాణంలో కంపెనీ సామాను తెప్పించుకునే మనిషి. ఆ సంగతి టైలరమ్మ నవ్వుతూ చెప్పినప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"ఎవలో కంపెనోళ్లు. పెడతమన్నరు, వద్దన్న" అంది టైలరమ్మ.

ఆయన బ్యానర్ వైపు చూశాడు. మా ఇద్దరి వైపు చూశాడు. చూపు తిప్పుతూ అర దగ్గర ఆగాడు. అక్కడ మిగిలి ఉన్న కవర్ ఒక్కటే. దానికి పసుపు రంగు మీద ఎర్ర చుక్కల పేలిక కట్టి ఉంది.

"గది మా ఇంటామె బట్ట లెక్క ఉన్నది. ఆ చీర నేనే తెచ్చిన."

టైలరమ్మ కాలు మిషన్ మీద కదలలేదు. "ఔ అన్నా. జాకెట్ అయింది. పట్కపోతవా?" అని కవర్ తీసి ఇచ్చింది. ఇంకేం చేస్తుంది?

ఆయన అందుకున్నాడు. పొద్దున్నుంచి రాత్రిదాకా పొట్లాలు కట్టే చెయ్యి అది. అరచేతిలో ఆ కవర్‌ను కొంచెం పైకి లేపి దించాడు. జాకెట్ ఎంత బరువుంటుందో ఎవరికైనా తెలుసు. ఆయన మొహంలో ఏమీ మారలేదు.

"పైసలిచ్చిందా?"

"ఇచ్చింది."

"మంచిది" అని కవర్ చంకలో పెట్టుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. దుకాణం పక్కనున్న మెట్లెక్కి ఇంట్లోకి పోవడం మాకు కనిపించింది. మేం ముగ్గురం ఆ మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాం. పైనుంచి ఏ అరుపూ వినపడలేదు. కాసేపటికి ఆయన దిగి వచ్చి మళ్లీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

మేనేజరు బ్యానర్ చుట్టింది. ఆమెకు చుట్టడం సరిగ్గా రాకపోతే టైలరమ్మ ఒక అంచు పట్టుకుంది.

నేను ఉండబట్టలేక ఎదురు దుకాణానికి వెళ్లాను. నీళ్ల సీసా అడిగాను. ఆయన ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చాడు.

"మీరు సర్వే మేడం గదా. సబ్బుల గురించి మా దుక్నంల గూడ అడిగిండ్రు ఒకసారి."

"అవునన్నా, బాగా గుర్తుపెట్టుకున్నారు."

 ఎట్లా అడగాలో తెలియలేదు. ఆయనే చెప్పాడు, చిల్లర లెక్కపెడుతూ, నావైపు చూడకుండా.

"ఈ గల్లీల ఎవలింట్ల ఏం వండుతున్నరో నాకు ఎర్కనే మేడం. ఎవలింటికి సుట్టాలు వచ్చిండ్రు, ఎవలింట్ల పానం మంచిగ లేదు, సామాను చూస్తే తెలిసిపోతది. ఎవలకు చెప్ప కని, తెలుస్తది. మా ఇంటికి సామాను పంపేది గూడ నేనే. మా ఇంటామెకు ఏది ఎంత అయిపోయిందో ఆమె కంటె ముందు నాకు తెలుస్తది." చిల్లర నా చేతిలో పెట్టాడు. "గామెకు నాకు తెల్వనిది ఒక్కటన్న ఉండద్దా?"

"విప్పి చూడలేదా?"

"ఎందుకు చూస్త?"

ఇంకొకరు వచ్చి పావుకిలో చింతపండు అడిగారు. ఆయన తక్కెడ వైపు తిరిగాడు.

కారులో మేనేజరు పక్కన కూర్చున్నాను.  ఊరు దాటాక ఆమె ఎవరికో ఫోన్ చేసి, ఆ చిరునామాను అనుమానపు జాబితాలోంచి తీసేయమనీ, మళ్లీ ఎవరూ దాని మీద విచారణ పెట్టకుండా చూడమనీ చెప్పింది. బోర్డు సంగతి ఏమైందని అవతలివాళ్లు అడిగినట్టున్నారు. "అక్కడ పనికిరాదు" అంది. కారణం చెప్పలేదు. ఆ దుకాణం ఇప్పటికీ బోర్డు లేకుండానే నడుస్తోందని విన్నాను. బల్ల మీదినుంచి లేచి వెళ్లిన ఇద్దరిలో ఒకామె మళ్లీ వచ్చిందట. రెండో ఆమె రాలేదట. వేరే టైలర్‌ను చూసుకుందేమో.

కారులోనే కిరాణా ఆయన మాటలు మేనేజరుకు చెప్పాను. ఆమె అంతా విని, కిటికీ బయట చూస్తూ, "నిన్న ఆ ఖాతాకు ఒక్క ఆర్డరే చేరింది మేడం. ఆ కవర్ అదే అయ్యుంటుంది" అంది.

ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. కంపెనీ తెర తెరిచి ఉంది. ఒక్కసారి వేలు ఆనిస్తే కిరాణా ఆయన భార్య ఏం తెప్పించుకుందో మా ఇద్దరికీ తెలిసిపోతుంది. గల్లీలో ఎవరికీ తెలియనిది, మొగుడు విప్పి చూడనిది, టైలరమ్మ అడగనిది. నా ఉద్యోగమంతా అట్లాంటిది తెలుసుకోవడానికే. నేను ఆమె చేతివైపే చూస్తున్నానని నాకు తర్వాత తెలిసింది.

ఆమె తెర ఆపేసి, ఫోన్ సంచిలో పెట్టి, సంచి జిప్పు లాగింది.

"మీకు తెలుసుకోవాలని లేదా మేడం?" అని అడిగింది.

ఉందమ్మా, అన్నాను. ఇప్పటికీ ఉంది.